హాఫ్ మారథాన్ సాధనకు ట్రెడ్‌మిల్ సరిపోతుందా, రోడ్డే కావాలా?

ప్రశ్న – మియాపూర్ వాసి

నమస్కారం. నేను హైదరాబాదులో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. వయసు 42, బరువు 76 కిలోలు. నిరుడు 10 కిలోమీటర్ల పరుగు పూర్తి చేసిన ధైర్యంతో ఈసారి ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలని నిర్ణయించుకున్నాను. చిక్కంతా సాధన దగ్గరే వస్తోంది. ఆఫీసు పని రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఉంటుంది కనుక తెల్లవారుజామున లేవడం వారాంతాల్లో తప్ప సాధ్యపడదు. తొమ్మిది దాటాక బయటికి వెళ్తే ఎండ, వాహనాల రద్దీ. రాత్రిపూట వెళ్దామంటే మా వీధి మలుపు నుంచి పెద్ద రోడ్డు వరకు కుక్కల గుంపులు. నడిచేవాళ్ల జోలికి అవి రావు గానీ పరుగెత్తేవాళ్లను మాత్రం వదిలిపెట్టవు. జూన్ దాటితే వానలు కూడా తోడవుతాయి.

అందుచేత ఇంట్లోకి ఒక ట్రెడ్‌మిల్ కొనాలనుకుంటున్నాను. కానీ దీనిపై ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బెల్టు తనంతట తానే వెనక్కి పోతుంది కాబట్టి మనం పడే శ్రమ సగమేనని ఒకరు, మోకాళ్లకు రోడ్డు కన్నా అదే మంచిదని మరొకరు, అసలు మోకాళ్లు పోయేదే దానివల్లనని ఇంకొకరు అంటున్నారు. మా ఆవిడకు మధుమేహం ఇప్పుడిప్పుడే మొదలయింది. నడక కోసం తనూ వాడుకుంటుంది. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. రెండు పద్ధతుల్లోనూ సాధన చేసిన అనుభవం ఉన్నవారు లాభనష్టాలు వివరిస్తే మేలు చేసినవారవుతారు. కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెప్పగలరు.

---

జవాబు – విశాఖ తీరం

మియాపూర్ వాసి గారూ, ముందుగా ఆ 'సగం శ్రమ' మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మన దగ్గర జిమ్ముల్లో శిక్షకులు సైతం దీన్నే చెబుతుంటారు. బెల్టు స్థిరమైన వేగంతో కదులుతున్నంతసేపు, దాని మీద పరుగెత్తే మనిషి కాళ్లకూ రోడ్డు మీద పరుగెత్తే మనిషి కాళ్లకూ భౌతికశాస్త్రం రీత్యా తేడా ఏమీ లేదు. ఒకే వేగంతో సాఫీగా పోతున్న రైలు పెట్టెలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేటప్పుడు మన కాళ్లకు అదనపు సాయమేదీ అందదు కదా, ఇదీ అంతే. బెల్టు మన కాలిని వెనక్కి తీసుకుపోతుందన్నది నిజమే, కానీ ఆ వెనక్కి పోవడాన్ని తట్టుకుని ఉన్నచోటనే నిలబడడానికి మనం చేసే పని, రోడ్డు మీద ముందుకు పోవడానికి చేసే పనితో సమానం.

నిజంగా తగ్గేది గాలి నిరోధం. బయట పరుగెత్తేటప్పుడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, గదిలో ఆ అవసరం లేదు. 1996లో ఆండ్రూ జోన్స్, జొనాథన్ డౌస్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు శిక్షణ పొందిన రన్నర్లు వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచి, ట్రెడ్‌మిల్‌కు 1 శాతం వాలు (వంద మీటర్లకు ఒక మీటరు ఎక్కేంత ఎత్తు) పెడితే బయట సమతల నేల మీద పరుగుకు దాదాపు సరిపోతుందని చూపించారు. ఆ 1 శాతం నియమం అప్పటినుంచి అందరి నోటా వినబడుతోంది. అయితే వారు పరీక్షించిన వేగాలు గంటకు 10.5 నుంచి 18 కిలోమీటర్ల వరకు ఉన్నవి. మీరూ నేనూ పరుగెత్తే 8, 9 కిలోమీటర్ల వేగం దగ్గర గాలి నిరోధం చాలా స్వల్పం కాబట్టి, వాలు సున్నాలో ఉన్నా మీ శ్రమ వృథా పోదు.

నా దృష్టిలో అసలు నష్టం వేడి. బయట మనతోపాటు కదిలే గాలి చెమటను ఆరబెడుతుంది, గదిలో ఆ పని జరగదు. ఫ్యాను లేని గదిలో అరగంట పరుగెత్తితే, వేగం మార్చకపోయినా గుండె వేగం మెల్లమెల్లగా పెరుగుతూ పోవడం మీ వాచీలోనే కనబడుతుంది. శరీరం చర్మానికి ఎక్కువ రక్తం పంపి వేడిని వదిలించుకోవాలని చూస్తుంది, చెమటతో నీరూ పోతుంది, దాంతో గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. పైకప్పు ఫ్యాను దీనికి చాలదు. ఎదురుగా, ఛాతీ ఎత్తున తగిలేలా ఒక పెడస్టల్ ఫ్యాను పెట్టుకోండి. అలాగని ఏసీ గదిలోనే సాధనంతా చేస్తే ఆగస్టులో దెబ్బ తింటారు. ఉక్కపోతకు శరీరం అలవాటు పడాలంటే సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు వేడిలో శ్రమ చేయాలి. ఇక్కడ ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపేస్తారు కనుక మాకు కుక్కల బెడద, బండ్ల బెడద తక్కువ, కానీ సముద్రపు గాలిలోని తేమకు వేసుకున్న బనీను ఆరనే ఆరదు. ఏసీ జిమ్ములో హాయిగా గంటసేపు పరుగెత్తేవారు ఆ రోడ్డు మీదకొచ్చి నాలుగో కిలోమీటరుకే నడక మొదలుపెట్టడం నేను తరచూ చూస్తుంటాను.

ఇక మీ పోటీ దారి. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా అది ఎత్తుపల్లాల దారి, మధ్యలో ఫ్లైఓవర్లు. ఎక్కడం ట్రెడ్‌మిల్ మీద చక్కగా నేర్చుకోవచ్చు. వాలును మీటరు మీటరుకూ మీ చేతిలో ఉంచుకునే ఇలాంటి సౌకర్యం రోడ్డు మీద ఎక్కడా దొరకదు. దిగడం మాత్రం ఇళ్లకు కొనే యంత్రాల్లో చాలావాటి మీద కుదరదు, అవి కిందికి వంగవు. పోటీలో తొడలను పిండేసేది ఆ దిగడమే. కాబట్టి యంత్రం కొన్నా వారానికి ఒక్కసారైనా రోడ్డెక్కక తప్పదు.

---

జవాబు – పాతకాలపు పరుగు

నా సలహా సూటిగా చెబుతాను: కొనకండి. కిలోమీటరుకు ఇంత సమయం అని లెక్క కట్టే పని యంత్రానికి అప్పగించినవాడికి తన వేగం తనకు ఎన్నటికీ తెలియదు. రోడ్డు మీద మొదటి రెండు కిలోమీటర్లు ఉత్సాహంతో దూసుకుపోయి తర్వాత చతికిలబడేవాళ్లలో ఎక్కువమంది బెల్టుకు అలవాటు పడినవారే. గుంత చూసి అడుగు మార్చడం, ఎదురొచ్చే ఆటోను తప్పుకోవడం, తడి రోడ్డు మీద జారకుండా మలుపు తిరగడం, ఇవన్నీ పరుగులో భాగమే. పైగా అరగంట గోడవైపు చూస్తూ పరుగెత్తడం నా వల్ల కాలేదు. బెల్టు మీద కొన్ని వారాలు వరుసగా పరుగెత్తితే నాకు పిక్కలు పట్టేసి, మడమ వెనక నొప్పి కూడా మొదలైంది. రోడ్డు మీద పదేళ్లుగా ఎన్నడూ లేని నొప్పి అది. కుక్కలంటారా, శని, ఆదివారాల్లో పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తండి, అక్కడ మీకు పదిమంది తోడు దొరుకుతారు.

---

జవాబు – ఫిజియోథెరపీ వృత్తి

పాతకాలపు పరుగు గారు చెప్పిన మడమ నొప్పి ఊహ కాదు, అయితే దానికి కారణం తెలుసుకుంటే నివారించుకోవడం కష్టమేమీ కాదు.

ట్రెడ్‌మిల్ పరుగునూ నేల మీద పరుగునూ పోల్చిన పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో ఒక సమగ్ర సమీక్ష వెలువడింది. రెండూ మొత్తం మీద ఒకేలా ఉంటాయన్నదే అందులో తేలింది. తేడాలు చిన్నవి: బెల్టు మీద పాదం కాస్త చదునుగా ఆనుతుంది, శరీరం పైకి కిందికి ఊగడం కొంత తగ్గుతుంది. అలవాటు లేనివారు తెలియకుండానే అడుగులు చిన్నవి చేసుకుని, వాటి సంఖ్య పెంచుతారు. మోకాలిచిప్ప మీద పడే భారం రెండింటిలోనూ ఇంచుమించు సమానమే. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ మీద మాత్రం ట్రెడ్‌మిల్ మీద భారం కొంత ఎక్కువ పడుతుందని కొలతల్లో కనబడింది. దానికి తోడు వాలు కూడా పెంచితే మడమ ఇంకా కిందికి సాగుతుంది, పిక్క ఇంకా గట్టిగా లాగుతుంది. రోడ్డు నుంచి యంత్రానికి మారినవాళ్లు మొదటి వారంలోనే పాత దూరాలన్నీ పరుగెత్తాలని చూస్తే పిక్కలు పట్టేయక ఏం చేస్తాయి? మొదటి రెండు మూడు వారాలు మీ పరుగులో మూడో వంతుకు మించి యంత్రం మీద పెట్టకండి. పొద్దున లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు మడమ వెనక బిగుతుగా అనిపిస్తే వాలును సున్నాకు తెచ్చేయండి.

మోకాళ్ల గురించి ఒక మాట. పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయం మనవాళ్లలో బలంగా పాతుకుపోయింది. 2017లో వెలువడిన ఒక విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్లవాతం ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం మందికి కనిపించింది. పరుగే వారిని కాపాడిందని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం, ఎందుకంటే మోకాళ్లు బాగున్నవారే పరుగు కొనసాగిస్తారు. కానీ పరుగు కీళ్లను తినేస్తుందనే వాదనకు మాత్రం ఇది ఆధారం కాదు. బెల్టు కింది పలక కొంచెం వంగి దెబ్బను మెత్తబరుస్తుందన్నది నిజమే, అయితే మన కాలు నేల మెత్తదనాన్ని బట్టి తన బిగువును తానే మార్చుకుంటుంది, కాబట్టి ఆ మెత్తదనం మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ నొప్పులు ఉపరితలం వల్ల వచ్చినవి కావు, దూరాన్ని ఒక్కసారిగా పెంచడం వల్ల వచ్చినవి. ట్రెడ్‌మిల్ మీద ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది: వేలకొద్దీ అడుగులు అచ్చు ఒకేలా పడతాయి. రోడ్డు మీద ప్రతి అడుగూ కొంచెం వేరుగా పడి భారం పంచుకోబడుతుంది. దీనికి విరుగుడుగా ఐదారు నిమిషాలకొకసారి వేగాన్నో వాలునో కొద్దిగా మార్చండి.

మీ శ్రీమతి గారి విషయంలో ట్రెడ్‌మిల్ విలువ ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర ఎగబాకడం తగ్గుతుంది, రాత్రి తొమ్మిదింటికి ఆ నడక ఇంట్లోనే దొరకడం చిన్న విషయం కాదు. పరుగెత్తనవసరం లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారి సూత్రంతో లెక్క వేస్తే, 12 శాతం వాలు మీద గంటకు 5 కిలోమీటర్ల నడకకు అయ్యే ఆక్సిజన్ ఖర్చు, చదునుగా ఉన్న బెల్టు మీద 8 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడానికి అయ్యేదానితో దాదాపు సమానం. ఒక్క షరతు: ముందున్న కడ్డీ పట్టుకుని వేలాడకూడదు. చేతుల మీద బరువు వేస్తే తెర మీద కనిపించే కేలరీలన్నీ ఉత్తుత్తివే. తూలుతున్నట్టు అనిపిస్తే కడ్డీ పట్టుకునే బదులు వాలు తగ్గించడం మేలు.

మధుమేహం ఉన్నవారు, రక్తపోటు మందులు వాడేవారు గట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి కలవాలి. గుండె పనితీరు చూడడానికి ఆసుపత్రుల్లో చేసే టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్ట్) పరీక్ష ఈ యంత్రం మీదే జరుగుతుంది. అమెరికాలో రాబర్ట్ బ్రూస్ అనే హృద్రోగ నిపుణుడు రూపొందించిన ఆ పద్ధతిలో 10 శాతం వాలుతో, గంటకు 2.7 కిలోమీటర్ల నెమ్మది నడకతో మొదలుపెట్టి, ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ వాలూ పెంచుతూ పోతారు. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, కళ్లు తిరగడం వంటివి ఇంట్లో బెల్టు మీద ఉండగా కనిపిస్తే ఇంకో నిమిషం చూద్దామనుకోకుండా ఆపేయాలి.

---

జవాబు – యంత్రాల మరమ్మతు

నేను వృత్తిరీత్యా వ్యాయామ యంత్రాలు బాగుచేస్తాను. పరుగు మంచిచెడ్డలు పైవారు చెప్పారు కాబట్టి నేను యంత్రం వరకే చెబుతాను.

ప్రకటనల్లో మోటారు సామర్థ్యాన్ని పెద్ద అక్షరాలతో 4 హార్స్‌పవర్, 5 హార్స్‌పవర్ అని వేస్తారు. అది చాలాసార్లు క్షణకాలం పాటు అందగల గరిష్ఠ శక్తి మాత్రమే. అడగవలసింది ఎడతెగకుండా ఇచ్చే శక్తి ఎంత అన్నది. 76 కిలోల మనిషి గంటసేపు పరుగెత్తాలంటే అది 2.5 నుంచి 3 హార్స్‌పవర్ ఉండాలి, నడకకు 1.5 చాలు. బెల్టు పొడవు 130 సెంటీమీటర్లకు తగ్గితే నడవగలరు గానీ అడుగు సాచి పరుగెత్తలేరు. వెడల్పు 45 సెంటీమీటర్లు ఉండాలి. వాలు మోటారుతో మారేదే తీసుకోండి. చవక రకాల్లో దిగి, వెనకవైపు పిన్ను తీసి మార్చాలి. ఆ పని రెండు రోజుల తర్వాత ఎవరూ చేయరు.

3 హార్స్‌పవర్ అంటే దాదాపు 2,240 వాట్లు, 230 వోల్టుల వద్ద పది ఆంపియర్లకు దగ్గర. టీవీ, మొబైల్ ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ దీనికి పనికిరాదు. గీజరుకు, ఏసీకి ఉండే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. వోల్టేజీ ఎగుడుదిగుడులు ఉన్నచోట స్టెబిలైజరు లేకపోతే మొదట పోయేది కంట్రోల్ బోర్డు. వారంటీ పత్రంలో మోటారుకు అన్నేళ్లు, ఫ్రేముకు ఇన్నేళ్లు అని ఘనంగా రాసి, ఆ బోర్డుకు మాత్రం ఏడాదే ఇస్తారు. కొనేముందు ఆ ఒక్క పంక్తి చదవండి.

బెల్టుకూ పలకకూ మధ్య సిలికాన్ నూనె వేయడం చాలామంది మరిచిపోతారు. రోజూ వాడే ఇంట్లో రెండు మూడు నెలలకొకసారి వేయాలి. వంటనూనె, కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేసిన ఇళ్లకు కూడా వెళ్లి బెల్టులు మార్చి వచ్చాను. నూనె ఆరిపోతే రాపిడి పెరిగి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, పరుగెత్తేటప్పుడు అడుగు ఆనిన ప్రతిసారీ బెల్టు క్షణంపాటు తడబడినట్టు కాలికి తెలుస్తుంది. బెల్టు ఒక పక్కకు జరిగిపోతుంటే వెనక రోలరు రెండు చివర్లా ఉండే బోల్టుల్లో, జరిగిన వైపు బోల్టును అలెన్ కీతో పావు చుట్టు బిగించి, రెండు నిమిషాలు ఖాళీగా తిప్పి చూడాలి. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పితే బెల్టు రెండో వైపు అంచుకు పోయి చిరుగుతుంది.

తెర మీద చూపే వేగం నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. యంత్రం ఆపి, బెల్టు మీద సుద్దముక్కతో గీత గీసి, చేత్తో తిప్పుతూ టేపుతో మొత్తం చుట్టు పొడవు కొలవండి. ఉదాహరణకు 2.8 మీటర్లు వచ్చిందనుకుందాం. ఒకరు బెల్టు మీద పరుగెత్తుతుండగా మరొకరు ఆ గీత 20 సార్లు తిరిగే సమయం చూడాలి. ఖాళీ బెల్టుకూ బరువు పడిన బెల్టుకూ తేడా ఉంటుంది కాబట్టి మనిషి ఉండగానే చూడాలి. 20 చుట్లంటే 56 మీటర్లు. గంటకు 8 కిలోమీటర్ల వేగమైతే 25 సెకన్లు పట్టాలి. 27 సెకన్లు పట్టిందంటే అసలు వేగం 7.5 మాత్రమే. చేతి వాచీ చెప్పే దూరాన్ని నమ్మకండి, గదిలో జీపీఎస్ అందదు కనుక అది చేతి ఊపును బట్టి అంచనా వేస్తుంది.

పాప విషయంలో అశ్రద్ధ పనికిరాదు. తిరుగుతున్న బెల్టు వెనకభాగంలో పిల్లల వేళ్లు చిక్కుకుంటే చర్మం కాలినట్టు ఊడివస్తుంది. 2021లో అమెరికాలో ఒక చిన్నారి చనిపోయాక పెలోటన్ సంస్థ తన ట్రెడ్ ప్లస్ యంత్రాలను సుమారు 1,25,000 వెనక్కి పిలిపించింది. దుస్తులకు తగిలించుకునే ఎర్ర తాడు చివరన ఉండే సేఫ్టీ కీని వాడకం అయిపోగానే తీసి అల్మారాలో పెట్టండి, అది లేనిదే యంత్రం కదలదు. ప్లగ్గు కూడా తీసేయండి. యంత్రం వెనక గోడ ఉండకూడదు; జారిపడిన మనిషి గోడకూ బెల్టుకూ మధ్య ఇరుక్కుంటాడు. వెనక రెండు మీటర్లు ఖాళీ వదలండి. నాలుగో అంతస్తు కాబట్టి కింద మందమైన రబ్బరు మ్యాటు వేయించి, కింది ఇంటివారితో ఒకసారి మాట్లాడుకోండి. మీరు పరుగెత్తే వేళకు వాళ్లు నిద్రపోతుంటారు. మ్యాటు మోటారు రొదను ఆపుతుంది గానీ అడుగుల దడదడను పూర్తిగా ఆపదు.

---

జవాబు – ఎడ్మంటన్ నుంచి

కెనడాలో ఎడ్మంటన్ నగరంలో ఉంటున్నాను. నవంబరు నుంచి మార్చి దాకా బయట మంచు, ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి పోయే రోజులు కూడా ఉంటాయి. కనుక ఇక్కడ ట్రెడ్‌మిల్ కావాలా వద్దా అన్న చర్చే ఉండదు. రోడ్డు మీద కాకపోతే పరుగే కాదన్న పాతకాలపు పరుగు గారి మాటతో నేను ఏకీభవించలేను. అలాస్కాలోని యాంకరేజ్ పట్టణంలో క్రిస్టీన్ క్లార్క్ అనే వైద్యురాలు ఉండేవారు. ఇద్దరు పిల్లల తల్లి. చలికాలం సాధనలో ఎక్కువ భాగం ఇంట్లో ట్రెడ్‌మిల్ మీదే చేసి, 2000 ఫిబ్రవరిలో సౌత్ కరోలినాలో ఎండ కాసిన రోజున జరిగిన అమెరికా ఒలింపిక్ మారథాన్ అర్హత పోటీలో అందరినీ ఆశ్చర్యపరుస్తూ మొదటి స్థానం సాధించారు. వెచ్చని ఇంట్లో పరుగెత్తిన అలవాటే ఆ ఎండలో ఆమెకు కలిసివచ్చిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఆ ఏడాది సిడ్నీ ఒలింపిక్స్ మహిళల మారథాన్‌లో అమెరికా తరఫున పరుగెత్తింది ఆమె ఒక్కరే.

విశాఖ తీరం గారు చెప్పిన దిగడం సంగతి మాత్రం అక్షరాలా నిజం. ఏప్రిల్‌లో మంచు కరిగాక నది లోయలోకి దిగే బాటల మీద మొదటిసారి పరుగెత్తిన మర్నాడు మెట్లు దిగాలంటే రెయిలింగు పట్టుకోవలసిందే. చలికాలమంతా ఎంత దూరం పరుగెత్తినా తొడ ముందు కండరాలు ఆ దెబ్బకు సిద్ధపడి ఉండవు.

విసుగు మాటకొస్తే, ఒకే వేగంతో గంటసేపు పరుగెత్తితే ఎవరికైనా విసుగే. వేగం మారుస్తూ పరుగెత్తే సాధనలను బెల్టు మీద పెట్టుకుని, నింపాదిగా చేసే దూరపు పరుగులను బయటికి వదిలేయడం నా పద్ధతి. ఇక్కడ యంత్రం ఉపయోగం తేటగా కనిపిస్తుంది: నాలుగు నిమిషాలు గంటకు 10 కిలోమీటర్ల వేగమని పెట్టాక కాలు నెమ్మదించే వీలుండదు, రోడ్డు మీద చివరి నిమిషంలో మనకు తెలియకుండానే జారిపోతాం. వినడానికి పాత రేడియో నాటకాలో హరికథలో పెట్టుకోండి. తెర వైపు తల తిప్పి చూడవలసినవి మాత్రం వద్దు, మెడ తిరిగిన వైపే అడుగూ తప్పుతుంది.

---

ప్రశ్నించినవారి స్పందన – మియాపూర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. మరమ్మతు గారు చెప్పిన తర్వాత ఇంట్లో చూసుకుంటే, యంత్రం పెడదామనుకున్న పడకగదిలో ఏసీకి తప్ప 16 ఆంపియర్ల సాకెట్ లేదు, వెనక రెండు మీటర్ల ఖాళీ కూడా రాదు. హాల్లో బాల్కనీ తలుపు దగ్గర రెండూ కుదురుతున్నాయి, గాలి కూడా వస్తుంది కాబట్టి అక్కడే వైరింగు చేయించి కొనాలని నిర్ణయించుకున్నాం. ఒక్క సందేహం మిగిలింది. వారంలో రెండు రోజులు యంత్రం, ఆదివారం రోడ్డు అనుకుంటే, ఏ రోజు ఏం చేయాలి? ప్రస్తుతం ఏకబిగిన 8 కిలోమీటర్లు పరుగెత్తగలను, కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పడుతోంది.

---

జవాబు – విశాఖ తీరం

కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలంటే గంటకు సరిగ్గా 8 కిలోమీటర్ల వేగం. మంగళవారం బెల్టు మీద 7.5 వేగంతో 40 నిమిషాలు, పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగేంత నింపాదిగా పరుగెత్తండి. గురువారం ఎత్తు సాధనకు కేటాయించండి: పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాక, 4 శాతం వాలు మీద మూడు నిమిషాలు, సున్నా మీద రెండు నిమిషాలు, ఇలా ఐదు సార్లు. మొదటి మూడు వారాలు మాత్రం ఫిజియో గారు చెప్పిన మూడో వంతు లెక్క పాటించండి. అంటే గురువారం యంత్రం ఎక్కకుండా, మంగళవారం పరుగును కూడా 25 నిమిషాలకు కుదించి, వాలు సున్నా దగ్గరే ఉంచండి. పిక్కలు అలవాటు పడ్డాయనిపించాకే 2 శాతం నుంచి మొదలుపెట్టి 4కు వెళ్లండి. ఈ రోజుల్లో ఏసీ వేయకండి, ఫ్యాను చాలు. నీళ్ల సీసా చేతికందేలా పెట్టుకోండి, అరగంట దాటితే చిటికెడు ఉప్పు కలిపిన మజ్జిగ లేదా నిమ్మరసం తాగండి.

ఆదివారం పొద్దున ఐదింటికల్లా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్లిపోండి. అక్కడి వెడల్పాటి రోడ్లకు ఎక్కుడూ దిగుడూ రెండూ ఉన్నాయి, ఆ వేళకు వాహనాలూ తక్కువ. 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికో కిలోమీటరు పెంచండి, ప్రతి నాలుగో వారం కొంచెం తగ్గించి ఒంటికి విశ్రాంతినివ్వండి. అలా జూలై నెలాఖరుకు 16 దాకా చేరితే చాలు, 21 ముందే పరుగెత్తి చూసుకోవలసిన పని లేదు. దిగేటప్పుడు వెనక్కి వాలి బ్రేకు వేసినట్టు కాళ్లు చాచకండి, చిన్న అడుగులతో దిగండి. పాతకాలపు పరుగు గారి మాటలో నేను ఒప్పుకునేది ఒకటుంది: ఆదివారం మొదటి మూడు కిలోమీటర్లు వాచీ చూడకుండా పరుగెత్తి, మూడో కిలోమీటరు దగ్గర మీ వేగం ఎంత ఉండి ఉంటుందో మనసులో అనుకుని, ఆ తర్వాతే వాచీ చూడండి. అంచనాకూ వాచీకీ మధ్య తేడా కిలోమీటరుకు పది పదిహేను సెకన్లకు తగ్గేదాకా ఇలా చేస్తూ ఉండండి.

బూట్లు రెండు జతలు పెట్టుకోగలిగితే పాత జతను బెల్టుకు వాడండి, అక్కడ అడుగుభాగం నెమ్మదిగా అరుగుతుంది. పోటీకి వేసుకోబోయే జతను జూలై నుంచే ఆదివారాల్లో తొడగండి. వానలో తడిసినప్పుడు అది కాలికి ఎక్కడ ఒరుసుకుంటుందో ముందే తెలుస్తుంది.